మైకు లేని మూడు నెలలు

కొత్తగా సంఘాలు చేపట్టిన తమ్ముళ్లు కొందరు ఈ మధ్య ఫోన్లు చేసి, "అయ్యగారూ, మీ సేవ గురించి నాలుగు మాటలు రాసిపెట్టండి, మాకు పనికొస్తాయి" అంటున్నారు. ఎన్ని మందిరాలు కట్టించాను, ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చాను, ఏ ఏ ఊళ్లలో ఉజ్జీవ కూటాలు పెట్టించాను, ఇవన్నీ రాస్తానని వాళ్ల ఆశ. అవి రిజిస్టర్లలో ఉన్నాయి. కావలసినవాళ్లు తీసి చూసుకోవచ్చు.

నేను రాయదలచింది ఆ పనేదీ చెయ్యకుండా గడిపిన మూడు నెలల గురించి. అనకాపల్లిలో మా సంఘపెద్దలు నాకు బలవంతంగా ఇచ్చిన విశ్రాంతి సెలవు అది. ఒక పాస్టరు మూడు నెలలు ఊరికే కూర్చోవడమంటే మా వైపు అప్పటికి ఎవరూ వినలేదు. ప్రార్థన రావడం లేదన్న దిగులుతో నేను ఆ సెలవులో చాలా రోజులు గడిపాను. మా అమ్మాయి నాతో మాట్లాడటం మానేసి తొమ్మిదేళ్లయిందన్న సంగతి నాకు తెలియను కూడా తెలియదు. దిగులు పడాల్సింది దాని గురించి.

బతికున్న మనిషిని పూడ్చబోయాను

సెలవు ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. చెరుకు పొలాల మధ్య ఉన్న ఒక ఊళ్లో మా సంఘస్థుడు సన్యాసిరావు చనిపోయాడు. భూస్థాపనకి వెళ్లాను. ఆ వారంలో అప్పటికే రెండు పెళ్లిళ్లు, రోజుకో ఇంటి ప్రార్థన, ఒక ఉపవాస కూడిక, ఆసుపత్రిలో ఇద్దరి పరామర్శ అయ్యాయి. నిద్ర సరిగా లేదు. సమాధి పక్కన నిలబడి గొంతు పెంచి, "మన ప్రియ సోదరుడు నూకరాజు ఇక మన మధ్య లేడు" అన్నాను.

నూకరాజు చనిపోయినవాడి తమ్ముడు. పెట్టెకి అవతలి కొస పట్టుకుని నా ఎదురుగానే ఉన్నాడు.

"అయ్యగారూ, నానిక్కడే ఉన్నానండి" అన్నాడు నెమ్మదిగా.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. చనిపోయినవాడి భార్య ఒక్కసారిగా గొల్లుమంది. ఇంకా సిగ్గుపడాల్సిన విషయం ఏమిటంటే, నేను తడబడకుండా, "చూశారా, మరణం ఎవరి పేరైనా పిలవగలదు!" అని దాన్ని కూడా ప్రసంగంలోకి మలిచేశాను. జనం "ఆమేన్" అన్నారు. ఆ క్షణంలో నాలో నేను, భలే తప్పించుకున్నావురా అనుకున్నాను.

మా సంఘపెద్ద అప్పలరాజు గారు మాత్రం ఆమేన్ అనలేదు. ఆయన బెల్లం మార్కెట్లో ఏళ్ల తరబడి దిమ్మలు తూచే కొలగారి పని చేసిన మనిషి, చూపుతోనే తూకం వేస్తాడు. ఆ వారమే పెద్దలను కూర్చోబెట్టాడు.

"అయ్యగారూ, గానుగెద్దుకైనా సీజనయ్యేక కాడి దింపుతాం. మీకెవులూ దింపలేదు. మూడు నెల్లు మందిరం గుమ్మం ఎక్కొద్దు. ఫోను నాకిచ్చీండి" అన్నాడు.

"సంఘం ఏమైపోతుందండీ?" అన్నాను.

"ఏటీ అయిపోదు. మీరు రాకముందు కూడా ఆదివారాలొచ్చేవి" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నిజం చెబితే అలాగే ఉంటుంది. తమ్ముళ్లూ, మీ సంఘంలో ఇలాంటి పెద్ద ఒకడుంటే వాణ్ణి వదులుకోకండి. మిమ్మల్ని పొగిడే పదిమందిని వదులుకున్నా నష్టం లేదు.

నల్ల అట్ట పుస్తకం

నా పని పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పకపోతే తర్వాత కథ అర్థం కాదు. నేను కుర్రతనంలో ఒక పెద్దయ్యగారి కింద పని నేర్చుకున్నాను. గొప్ప ప్రసంగీకుడు. ఆయన నాకు మొదటి నెలలోనే ఒక నల్ల అట్ట నోటు పుస్తకం ఇచ్చి, "జనం సిద్ధాంతం వినరురా. మనుషుల కథలు వింటారు. ఎక్కడ ఏది కనబడినా, ఎవడు ఏది చెప్పినా ఇందులో రాసుకో. పేర్లు చెప్పకు, అంతే" అన్నాడు.

అలాగే రాసుకున్నాను, ఒకటి నిండితే ఇంకొకటి కొని. ఎవరి ఇంట్లో ఏ గొడవ, ఎవరు ఏ పాపం ఒప్పుకున్నారు, ఎవరు ఏ భయంతో వచ్చారు, అన్నీ రెండు ముక్కల్లో. పక్కన ఆ ఉదాహరణ ఏ ఊళ్లో వాడానో కూడా రాసేవాణ్ణి, చెప్పిన చోటే మళ్లీ చెప్పి నవ్వులపాలు కాకుండా. మీలో చాలామంది ఈ పనే ఇప్పుడు ఫోన్లో చేస్తున్నారని నాకు తెలుసు. మా ఆవిడ సుగుణ ఆ పుస్తకాన్ని చూసినప్పుడల్లా, "మీ నోట్లో నువ్వుగింజ నానదు. దానికి మళ్లీ రాతకోతలు కూడానా" అనేది. నేను నవ్వేసేవాణ్ణి. మా పెద్దయ్యగారు ఎన్నో మంచి విషయాలు నేర్పారు. ఈ ఒక్కటి మాత్రం తప్పు నేర్పారు. ఆయన మీద గౌరవం ఉంది కాబట్టే ఈ మాట చెబుతున్నాను.

ఇంట్లో పరాయివాడు

మొదటి పది రోజులూ నిద్రపోయాను. తర్వాత ఏం చెయ్యాలో తోచలేదు. వంటింట్లోకి వెళ్లి వంకాయలు ఎలా తరగాలో సుగుణకి చెప్పబోయాను. అన్నం ముందు ప్రార్థన మొదలుపెడితే దేశ నాయకులనీ వర్షాలనీ దాటి ఎక్కడికో వెళ్లిపోయేవాణ్ణి.

"ఏటండీ, ఇక్కడ ముగ్గురవే ఉన్నాం. ఎవులికి వినపడాలని అంత గొంతు?" అంది ఒకరోజు.

గదిలో ఒంటరిగా మోకరిస్తే మరీ ఘోరం. కళ్లు మూసుకోగానే మైకులో మాట్లాడే గొంతే లోపల మొదలయ్యేది. అది ఆపితే ఇక ఏమీ లేదు, ఖాళీ. ఇరవై ఏడేళ్లు పది మందికి ప్రార్థన నేర్పినవాడికి ఒక్క మాట రావడం లేదు. భయం వేసింది. ఎవరికి చెప్పుకోను? చెప్పుకోవడానికి అందరూ నా దగ్గరికి వస్తారు, నేను వెళ్లే చోటంటూ లేదు.

మా ఒక్కగానొక్క కూతురు షారోను. అప్పటికి ఇరవైమూడేళ్లు. మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం. తెల్లవారి అయిదున్నరకి హైవే జంక్షన్లో కంపెనీ బస్సు ఎక్కాలి. ఇన్నాళ్లూ ఆ వేళకి నేను మందిరంలో ఉదయ ప్రార్థనలో ఉండేవాణ్ణి. ఇప్పుడు పనేం లేదు కాబట్టి దాంతోపాటు జంక్షను దాకా నడవడం మొదలుపెట్టాను. "ఎందుకు నాన్నా?" అంది. "ఊరికే" అన్నాను. "సరే" అంది. నడిచినంత దూరం నేనే మాట్లాడేవాణ్ణి. అది "సరే", "అవును", "బస్సొచ్చింది" అనేది. మితభాషి, వాళ్ల తాతలాగ అనుకునేవాణ్ణి.

దాని గురించి నాకున్న బాధల్లా ఒకటే. బాప్తిస్మం తీసుకోలేదు. మా సంఘాల్లో పిల్లలు ఎదిగాక తమంతట తామే సాక్ష్యం చెప్పి నీళ్లలోకి దిగుతారు. పదహారు, పదిహేడేళ్లకి అందరూ దిగుతారు. "పాస్టరు గారమ్మాయే దిగలేదు, మన పిల్లల్నేటి అడుగుతాం" అని జనం అనుకోవడం నా చెవిన పడేది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, నేను రచ్చ గెలిచి ఇంట ఓడిపోయానని లోపల కుమిలిపోయేవాణ్ణి. ఆ ఏడుపు కూడా నా పరువు కోసమే తప్ప పిల్ల కోసం కాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

పాయకరావుపేటలో ఆదివారం

రెండో నెలలో సుగుణ అన్నగారింటికి పాయకరావుపేట బయలుదేరాం. అమ్మాయి నాలుగు రోజులు సెలవు పెట్టింది. దారిలో లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాకలో ఆగాం. అక్కడ ఒకాయన తిరుగుతున్న కర్రకి లక్క ముక్క ఆనించి రంగు ఎక్కిస్తున్నాడు. "లక్కని వేరేగా కాసక్కర్లేదండి. కర్ర తిరిగిన వేడికే కరుగుద్ది" అన్నాడు. నా చెయ్యి జేబులోకి పోయింది. పుస్తకం తీశాను. శోధనలో తిరిగితేనే కృప అంటుకుంటుంది అని రాసుకుంటూ తలెత్తి చూస్తే, షారోను నన్నే చూస్తోంది. బయటికెళ్లి ఆటోలో కూర్చుంది. బొమ్మ ఏదీ కొనకుండానే వచ్చేశాం.

మా బావగారి వీధి చివర చిన్న మందిరం ఉంది. అక్కడి పాస్టరు ముప్పై ఏళ్లవాడు, మర్యాదస్తుడు. శనివారం పొద్దున్న పరామర్శకి వచ్చాడు. ఇద్దరమే అరుగు మీద కూర్చున్నాం. ఎందుకో వాణ్ణి చూస్తే చెప్పాలనిపించింది. "తమ్ముడూ, నెలన్నరగా నాకు ప్రార్థన రావడం లేదు. కళ్లు మూసుకుంటే ఏమీ లేదు. ఎవరికీ చెప్పలేదు" అన్నాను. నా చేతులు పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, వాడికీ నాకూ. మనసు తేలికపడింది.

ఆదివారం ఆ మందిరంలో వెనక వరసలో కూర్చున్నాం. ఎన్నో ఏళ్ల తర్వాత కింద కూర్చుని వాక్యం వింటున్నాను, హాయిగా ఉంది. ప్రసంగం మధ్యలో ఆ తమ్ముడు గొంతు తగ్గించాడు. అలా తగ్గించాడంటే ఉదాహరణ వస్తోందని నాకు తెలుసు, నేనూ అలాగే తగ్గించేవాణ్ణి.

"ఒక పెద్ద దైవజనుడు. పేరు చెప్పను. వేలమందికి ప్రార్థన నేర్పించినాయన. నిన్ననే నా చేతులు పట్టుకుని ఏడ్చేరు. తమ్ముడూ, నాకు ప్రార్థన రాట్లేదు అన్నారు..."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. తిరగవూ మరి? అక్కడ కొత్త మొహాలు మావే. నా చెవులు కాలిపోయాయి. కూటం అయ్యాక నలుగురు ఆడవాళ్లు వచ్చి, "అయ్యగారూ, మీ కోసం ఉపవాసం ఉంటామండి, దిగులెట్టుకోకండి" అన్నారు. ఒకావిడ నా తల మీద చెయ్యి పెట్టబోయింది. ఎలా బయటపడ్డానో నాకే తెలియదు.

సుగుణ వదినతో ముందు వెళ్లిపోయింది. నేనూ షారోనూ వెనక నడుస్తున్నాం.

"కోపమొచ్చిందా నాన్నా?" అంది.

"రాదా మరి? నమ్మి చెప్తే మైకులో పెట్టెత్తాడా?"

"పేరు చెప్పలేదు కదా."

"పేరు చెప్పకపోతే ఏటి? అక్కడ పై ఊరి పాస్టర్ని నేనొక్కణ్ణే కదా!"

"మనింట్లో పిల్లని నేనొక్కదాన్నే కదా నాన్నా" అంది.

నాకు అర్థం కాలేదు. ఆగి దాని మొహంలోకి చూశాను. ఏడవడం లేదు. మామూలుగానే ఉంది.

"తొమ్మిదో క్లాసులో నీకొక మాట చెప్పేను. ప్రార్థన చేసుకుంటంటే అవతల ఎవరూ ఉన్నట్టు లేదు నాన్నా అన్నాను. శనివారం సాయంత్రం, మేడ మీద. గుర్తుందా?"

లేదు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"మర్నాడు ప్రసంగంలో చెప్పేసేవు. ఒక ఇంట్లో ఒక బిడ్డ అన్నావు. అందరూ నన్నే చూసేరు. నెల్లాళ్లు నా తల మీద చేతులు పెట్టి ప్రార్థనలు చేసేరు. స్కూల్లో ఒకమ్మాయి, మీ నాన్న నీకు దెయ్యం పట్టిందన్నాడట గదా అని అడిగింది. అప్పట్నించీ నీకేదీ చెప్పలేదు. నువ్వు అడగనూ లేదు."

ఆ ప్రసంగం గుర్తొచ్చింది. నా మంచి ప్రసంగాల్లో అదొకటి. పిల్ల గుర్తు లేదు, ప్రసంగం గుర్తుంది!

మర్నాడే అనకాపల్లి వచ్చేశాం. పుస్తకాలు తిరగేసి పట్టుకున్నాను. పాత పుస్తకంలో నా చేతిరాతే. "బిడ్డ. ప్రార్థనలో ఎవరూ లేనట్టు. తండ్రి కన్నీరు. బాగా తగిలింది." కింద ఊళ్ల పేర్లు. అనకాపల్లి, గొలుగొండ, ఇంకో రెండు చోట్లు, చివర పాయకరావుపేట. పిల్ల మేనమామ ఊళ్లో కూడా చెప్పేశాను. ఇంకొకటి ఉంది. ఆ సాయంత్రం నేను ఏడవలేదని నాకు బాగా తెలుసు, ఏడిస్తే గుర్తుండేది. ఆ కన్నీరు నేను ప్రసంగం కోసం కలిపాను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. నేను చించింది నా కడుపు కూడా కాదు, పిల్లది.

ఇదంతా షారోను ఒప్పుకుంటేనే రాస్తున్నాను. రాశాక ఈ కాగితాలు ముందు దానికే ఇచ్చాను. కొన్ని వాక్యాలు కొట్టేసింది. ఎందుకని అడగలేదు.

ఏమీ చెయ్యకు

తప్పు తెలిశాక నేనేం చేశానో చూడండి. రెండు రోజులు ఆలోచించి పొద్దున్న జంక్షనుకి నడుస్తూ, "అమ్మా, సెలవయ్యాక మొదటి ఆదివారం సంఘం ముందు నీకు క్షమాపణ చెప్తాను. అందరి ముందూ చేసిన తప్పు అందరి ముందే ఒప్పుకోవాలి" అన్నాను. గొప్ప నిర్ణయం చేశానని లోలోపల పొంగిపోయాను.

షారోను నవ్వింది. దాని నవ్వు విని చాన్నాళ్లయింది.

"వద్దు నాన్నా బాబూ. అది ఇంకో ప్రసంగం అవుద్ది. అందరూ ఏడుత్తారు. నీకు మంచి పేరొత్తది. మళ్లీ నా తల మీద చేతులు పెడతారు."

"మరేం చెయ్యమంటావు?"

"ఏటీ చెయ్యకు. ఎప్పుడైనా నీకొకటి చెప్తే, అది నీ దగ్గరే ఉండిపోవాలి. ఉంటదో లేదో చూత్తాను. అంతే." బస్సొచ్చింది. ఎక్కేసింది.

తిరిగి వస్తూ దారిలో, "ప్రభువా, ఈ పిల్ల నాకు మళ్లీ చెప్పేలా చెయ్యి" అన్నాను. నడుస్తూనే, కళ్లు తెరిచే. తర్వాత గమనించాను, రెండు నెలల్లో నేను చేసిన మొదటి ప్రార్థన అదే. అంతకంటే పొడుగ్గా రాలేదు. రోజూ ఆ ఒక్క మాటే అంటూ తిరిగి వచ్చేవాణ్ణి.

పుస్తకాలన్నీ కలిపి ఏడు తేలాయి. పాత పేపర్లవాడికి వేద్దామా అంటే వాటి నిండా జనం గుట్లు. తగలబెడదామనుకున్నాను కానీ, మంట చూడగానే దాని మీద కూడా ప్రసంగం పుడుతుందని భయపడ్డాను. బకెట్లో నానబెట్టి, సుగుణా నేనూ కూర్చుని పీచు పీచుగా చింపేశాం. "ఇన్నాళ్లకి ఇంట్లోకి పనికొచ్చే పనొకటి చేసేరు" అంది.

సెలవయ్యాక మైకు ముందుకు వెళితే, చేతులు కట్టేసినట్టుంది. కథల్లేవు. వాక్యం చదవడం, అర్థం చెప్పడం, దిగడం. రెండు మూడు కుటుంబాలు వేరే మందిరానికి వెళ్లిపోయాయి. అప్పలరాజు గారు ఒకరోజు ఉండబట్టలేక, "రెస్టు తీసుకుని పుంజుకుంటారనుకున్నాం. ఇదేటండీ అయ్యగారూ, ఇలా సప్పబడిపోయేరు?" అన్నాడు. "ఉప్పంతా జనానిదండీ, తిరిగిచ్చేశాను" అన్నాను. ఆయనకి అర్థమైందో లేదో కానీ, ఇంకెప్పుడూ అడగలేదు. తమ్ముళ్లూ, మీ ప్రసంగం చప్పగా ఉంటే సంఘం కొంచెం చిక్కుతుంది, నిజమే. చెప్పుకోవడానికి వచ్చినవాడికి మాత్రం మీ దగ్గర భయం ఉండకూడదు. రెండింట్లో ఒకటే దక్కుతుందంటే రెండోది పట్టుకోండి.

సగం మాట

సెలవు ముగిసిన ఆరో నెల. జంక్షను దాకా నడక నేను మానలేదు, ఉదయ ప్రార్థన వేళే మార్చుకున్నాను. ఒకరోజు బస్సు ఆలస్యమైంది. లారీలు పోతున్నాయి. షారోను రోడ్డు వైపే చూస్తూ, నా వైపు తిరక్కుండా, ఒక విషయం చెప్పింది. చెప్పి బస్సెక్కేసింది. దాని విశ్వాసం గురించి, దాని బతుకు గురించి. అంతవరకే చెప్పగలను.

అది బుధవారం. ఆదివారం రానే వచ్చింది. ఆ ఆదివారానికి ముందే అనుకున్న వాక్యభాగం సరిగ్గా ఆ విషయం మీదే ఉంది. సగం ప్రసంగం అయ్యేసరికి మందిరం నిద్రలోకి జారుతోంది. ఒక్క ముక్క చాలు. పేరు అక్కర్లేదు, ఊరు అక్కర్లేదు, "నాకు తెలిసిన ఒకరు" అంటే చాలు, అందరూ లేచి కూర్చుంటారు. మాట నాలుక చివరికి వచ్చేసింది. నా గొంతు దానంతటదే తగ్గింది.

మూడో బల్లలో షారోను తలెత్తింది. ఆ తగ్గిన గొంతు నాకంటే దానికే బాగా తెలుసు. బల్ల అంచు పట్టుకుని అలాగే చూస్తోంది.

నేను ఆగిపోయాను. ఎవరో దగ్గారు. "పాట పాడుకుందాం" అన్నాను. ప్రసంగం మధ్యలో తెగిపోయింది. అప్పలరాజు గారు వాచీ చూసుకున్నాడు. గుమ్మం దగ్గర ఒకాయన, "అయ్యగారికి మళ్లీ సెలవు కావాలేటో" అని పక్కాయనతో అనడం వినబడింది.

ఇంటికొచ్చి లాల్చీ మార్చుకుని పెరట్లో కుర్చీలో కూర్చున్నాను. సుగుణ లోపల వంట చేస్తోంది. షారోను ఇంకో కుర్చీ తెచ్చుకుని నా పక్కన వేసుకుంది.

"నాన్నా, మొన్న చెప్పింది సగమే. మిగతాది చెప్పనా?" అంది.

చెప్పమన్నాను. ఎండ గోడ దాటేవరకూ చెప్పింది. నేను మధ్యలో ప్రార్థన చెయ్యలేదు, వాక్యం ఎత్తలేదు, విన్నాను.

తర్వాత అది బాప్తిస్మం తీసుకుందా అని మీలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అది దాని సాక్ష్యం. వెళ్లి దాన్నే అడగండి. చెప్పాలనిపిస్తే అదే చెబుతుంది, నా నోట మాత్రం రాదు.